స్టూడియో మానిటర్లలో గాయకుడి గొంతు వెనక్కి పోతోంది: హెచ్‌ఎస్5 ఉంచుకోవాలా, మార్చుకోవాలా?

నిజాంపేట_నివాసి
పాత 5.1 హోమ్ థియేటర్ మూలపడటంతో మూడు వారాల క్రితం యమహా హెచ్‌ఎస్5 స్టూడియో మానిటర్ల (రికార్డింగును పరీక్షించి వినడానికి స్టూడియోల్లో వాడే స్పీకర్ల) జత కొన్నాను. యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది, వేరే పెట్టె అక్కరలేదు, ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది అని చాలామంది రాసినది చదివి తీసుకున్న నిర్ణయం అది. ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాను. కొత్త పాటల్లో వాద్యాలన్నీ విశాలంగా వినిపిస్తున్నాయి గాని, పాడేవారు మాత్రం పక్క వాటాలో కూర్చుని పాడుతున్నట్టు ఉంది. బేస్ దాదాపు లేదు. మా నాన్నగారికి ఇష్టమైన 1950లు, 60ల నాటి పాటలు పెడితే గీతల చప్పుడు తప్ప పాట సరిగ్గా వినిపించడమే లేదు.

రికార్డింగులోని లోపాలను మానిటర్లు దాచవని విన్నాను. పాత పాటల్లో ఇన్ని లోపాలున్నాయని అనుకోవాలా? లేక వీటిని అమ్మేసి జేబీఎల్ 305పి మార్క్ 2, ఆడమ్ టి5వి, కాలి ఎల్‌పి-6లలో ఒకటి తీసుకోవాలా? గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. పిల్లల చదువుల కారణంగా రాత్రిపూట తక్కువ శబ్దంతోనే వింటాము. ల్యాప్‌టాప్, టీవీ రెండింటికీ వాడుకోవాలి.

మిక్సింగ్_గది
డబ్బింగ్, రికార్డింగ్ పనుల్లో పదిహేనేళ్లుగా ఉన్నవాడిగా నాకు తోచినది చెబుతాను. మానిటర్ పని ఆనందపెట్టడం కాదు, తప్పు ఎక్కడ ఉందో చూపించడం. ఇంటి స్పీకర్లలో చాలావరకు బేస్‌ను, పై స్థాయిని కాస్త పెంచి తయారు చేస్తారు కాబట్టి, ఆ రుచికి అలవాటుపడిన చెవికి మానిటరు ఉప్పు తగ్గిన కూరలా అనిపించడం సహజం. పైగా హెచ్‌ఎస్5లో ఉన్నది 5 అంగుళాల ఊఫర్ (కింది స్వరాలు పలికే భాగం). బేస్ ఎంత కిందికి దిగుతుందో కాగితం మీద 54 హెర్ట్జ్ అని ఉన్నా అది శబ్దం 10 డెసిబెళ్లు పడిపోయిన చోటు. 3 డెసిబెళ్ల లెక్కన చూస్తే 74 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అందుచేత బేస్ తక్కువగా ఉందన్న మీ ఫిర్యాదు సబబే. గొంతు విషయానికి వస్తే, మీరు వింటున్న కొత్త పాటల మిక్సింగే అలా ఉండవచ్చు. ఒక నెల ఓపిక పట్టండి, చెవి సర్దుకుంటుంది.

గోడమూల
ఎక్కడ పెట్టారో చెప్పకుండా ఏ స్పీకరు గురించి తీర్పు చెప్పినా అది గాలిలో మేడే. గోడకు ఎంత దూరం, మీకు ఎంత దూరం, ట్వీటరు (పై స్వరాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉందా, రెండు స్పీకర్లూ మీరూ కలిసి సమబాహు త్రిభుజంగా ఉన్నారా అన్న నాలుగు సంగతులు ముందు రాయండి.

పాతరేడియో
నేను మొదటినుంచీ చెబుతున్నదే. ఇంట్లో వినడానికి యాంప్లిఫయరు వేరుగా, స్పీకర్లు వేరుగా ఉండటమే పద్ధతి. ఆపరేషన్ గదిలోని దీపాన్ని భోజనాల గదిలో పెట్టుకుని, అన్నంలో రాళ్లు కనిపిస్తున్నాయని బాధపడటం ఎందుకు? పాత పాటలు వెచ్చగా వినిపించాలి. వీటిని అమ్మేసి మంచి స్టీరియో యాంప్లిఫయరు, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తీసుకోండి.

తొప్పి_తాళం
పాతరేడియో గారితో, మిక్సింగ్_గది గారితో కూడా విభేదిస్తున్నాను. నా దగ్గర ఆడమ్ టి5వి జత రెండేళ్లుగా ఉంది. నేను ఎక్కువగా వినేది పాత రేడియో కచేరీలే. పాతవన్నీ మోనో (రెండు వైపులా ఒకే శబ్దం ఉన్న) రికార్డింగులు, టేపు శబ్దం ఉన్న మాట నిజమే, కానీ గొంతు మాత్రం రెండు స్పీకర్ల నడుమ మేకు కొట్టినట్టు నిలబడుతుంది. మంచి మానిటరులో పాత పాట పలచబడవచ్చు, మాయమైపోదు. నిజాంపేట_నివాసి గారు చెబుతున్న లక్షణం నాకు రుచికి సంబంధించినదిగా కనిపించడం లేదు.

వైజాగ్_గాలి
305పి మార్క్ 2 నాలుగేళ్లుగా వాడుతున్నాను. గొంతు ఎప్పుడూ వెనక్కి పోలేదు. మార్చుకునే ఆలోచన ఉంటే నిస్సందేహంగా వీటిని చూడవచ్చు. ఒక్క లోపం ఉంది, దాని సంగతి తీరికగా రాస్తాను.

మిక్సింగ్_గది
పాతరేడియో గారి ఆపరేషన్ గది ఉపమానం బాగుంది గాని, చరిత్ర వేరేలా ఉంది. ఇదే యమహా 1978లో ఎన్‌ఎస్-10 అనే స్పీకరును ఇళ్ల కోసమే విడుదల చేసింది. ఇళ్లలో దానికి పెద్దగా ఆదరణ దక్కలేదు. స్టూడియోల వారు మాత్రం దాన్ని మిక్సింగ్ బల్ల మీదికి ఎక్కించారు. ట్వీటరు మరీ ఘాటుగా ఉందని దాని మీద పల్చటి టిష్యూ కాగితం అంటించుకుని మరీ పని చేశారు. తర్వాత 1987లో ఆ ఘాటు తగ్గించిన స్టూడియో రకం వచ్చింది, 2001లో తయారీ ఆగిపోయింది. హెచ్‌ఎస్ వరుసలోని తెల్లటి కోను ఆ వంశపు గుర్తే. ఇంటిదా, స్టూడియోదా అన్నది పెట్టె మీద రాసిన మాట మాత్రమే.

పాతరేడియో
ఇళ్లవాళ్లు వద్దన్నారని మీరే చెప్పారు కదా. నేను చెప్పినదీ అదే.

నిజాంపేట_నివాసి
గోడమూల గారు అడిగిన వివరాలు: స్పీకర్లు రాత బల్ల మీద ఉన్నాయి, వాటి వెనుక గోడ జానెడు దూరంలో ఉంది. నేను బల్ల దగ్గర కూర్చుంటే ఒక మీటరు దూరం, సోఫాలో కూర్చుంటే మూడు మీటర్లకు కాస్త తక్కువ. ఎక్కడ కూర్చున్నా గొంతు సమస్య ఒకేలా ఉంది. తొప్పి_తాళం గారు రాసినది చదివాక ఇంకో సంగతి గమనించాను. కుడి, ఎడమ స్పీకర్లు రెండింటిలోనూ అచ్చంగా ఒకే శబ్దం వస్తోంది. ఒక పాత పాటను ఫోను స్పీకరులో పెడితే స్పష్టంగా వినిపించింది, వీటిలో పెడితే మళ్లీ గీతల చప్పుడే. అంత డబ్బు పెట్టి కొన్నవి ఫోను ముందు ఓడిపోవడం ఏమిటని నాన్నగారు అడిగారు.

సోల్డరింగ్_సుబ్బయ్య
ల్యాప్‌టాపు నుంచి స్పీకర్ల దాకా వైరు ఏది వాడారు? పిన్నుల మీద నల్ల గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి. అప్పటిదాకా ఎవరూ ఏమీ అమ్మవద్దు, కొనవద్దు.

నిజాంపేట_నివాసి
ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలో ఒక స్ప్లిటర్ పెట్టాను. దానికి రెండు రంధ్రాలున్నాయి. ఒక్కొక్క దాని నుంచి ఒక్కొక్క స్పీకరుకు, ఒక వైపు 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో వైపు 6.35 మిల్లీమీటర్ల లావు పిన్ను ఉన్న వైర్లు వేశాను. అన్ని పిన్నుల మీదా రెండేసి నల్ల గీతలు ఉన్నాయి. రెండు గీతలున్నవి మేలైనవని ఎక్కడో చదివి వెతికి మరీ కొన్నాను.

సోల్డరింగ్_సుబ్బయ్య
దొంగ దొరికాడు. మీ స్పీకర్లు నిర్దోషులు.

రెండు నల్ల గీతలున్న పిన్నులో మూడు భాగాలు ఉంటాయి: కొస, మధ్య ఉంగరం, మొదలు. హెడ్‌ఫోన్ విషయంలో కొస మీద ఎడమ శబ్దం, ఉంగరం మీద కుడి శబ్దం వస్తాయి, మొదలు రెండింటికీ ఉమ్మడి. కానీ మీ మానిటరు వెనుక ఉన్న రంధ్రం బ్యాలెన్స్‌డ్ రకం. అది కొస మీదికీ ఉంగరం మీదికీ ఒకే శబ్దం, ఒకటి సూటిగా, మరొకటి తలకిందులుగా వస్తుందని ఆశిస్తుంది. అందుకని ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేస్తుంది. దారిలో రెండు తీగల మీదా సమానంగా చేరిన రొద అలా తీసివేతలో పోతుంది, పాట మిగులుతుంది. స్టూడియోలో పొడవాటి కేబుళ్లు వేసినా హమ్ రాకపోవడానికి కారణం అదే.

మీరు దానికి ఎడమను, కుడిని కలిపి ఇచ్చారు. అది విశ్వాసంగా ఎడమలోంచి కుడిని తీసివేసింది. సినిమా పాటలో గొంతు, బేస్ గిటారు, కిక్ డ్రమ్ము మధ్యలో ఉంటాయి, అంటే రెండు వైపులా సమానంగా ఉంటాయి. సమానమైనవి సమానమైనవాటిలోంచి పోతే మిగిలేది సున్నా. పక్కలకు సర్దిన వయొలిన్లు, ప్రతిధ్వని మాత్రం మిగులుతాయి. అందుకే పాడేవారు పక్క వాటాలోకి వెళ్లారు. పాత పాట పూర్తిగా మోనో కాబట్టి పాట మొత్తం పోయింది. రికార్డు మీది గీతల చప్పుడు రెండు వైపులా ఒకేలా ఉండదు, అందుకని అది మిగిలింది. మూడు వారాలుగా మీ నాన్నగారు విన్నది పాట కాదు, పాటలోంచి పాటను తీసివేసిన శేషం.

కావలసినది: ఒక వైపు 3.5 స్టీరియో పిన్ను, రెండో వైపు ఒక్కొక్క నల్ల గీత మాత్రమే ఉన్న రెండు 6.35 మోనో పిన్నులు గల వైరు. కోఠిలో అయినా, ఇంటర్నెట్‌లో అయినా దొరుకుతుంది.

గోడమూల
నేను త్రిభుజాలు గీయిస్తున్నాను, ఆయన గీతలు లెక్కపెట్టించారు. సుబ్బయ్య గారికి నమస్కారం.

తొప్పి_తాళం
కచేరీ రికార్డింగుల్లోంచి గాత్రం తీసేయడానికి కొందరు కంప్యూటరులో ఇదే తీసివేతను కావాలని చేస్తారు. మీకు ఉచితంగా దక్కింది.

నిజాంపేట_నివాసి
కొత్త వైరు నిన్న సాయంత్రం వచ్చింది. సుబ్బయ్య గారు చెప్పినది అక్షరాలా నిజం. గొంతు మధ్యలోకి వచ్చింది, బేస్ వచ్చింది, పాత పాటలన్నీ బతికి వచ్చాయి. నాన్నగారు రెండు గంటలు కదలకుండా విన్నారు. ఆ తర్వాత, ఇవి బాగానే ఉన్నాయి గాని మన పాత మర్ఫీ రేడియోలో ఇంకా బాగుండేదని అన్నారు.

పాతరేడియో
మీ నాన్నగారు విజ్ఞులు.

మిక్సింగ్_గది
నేను మొదట రాసిన పేరాలో చెవి సర్దుకుంటుందన్న సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. లేని గొంతుకు చెవి ఎన్ని నెలలైనా సర్దుకోదు. వృత్తిలో ఉన్నవాడిని, మొదట వైరు గురించే అడిగి ఉండవలసింది. హెచ్‌ఎస్5 బేస్ లెక్కలు మాత్రం అలాగే ఉంటాయి.

నిజాంపేట_నివాసి
ఆ లెక్కల గురించే ఇప్పుడు నా రెండో విడత ప్రశ్న. గొంతు సమస్య తీరినా మరి మూడు మిగిలాయి. ఒకటి, రాత్రి శబ్దం తగ్గించి వింటే బేస్ ఇప్పటికీ పలచగా ఉంది. రెండు, టీవీకి కలిపితే సన్నగా ఝుమ్మనే హమ్ వస్తోంది. మూడు, సోఫాలో ఇద్దరం చెరోవైపు కూర్చుంటే గొంతు నడుమన ఉన్నట్టు అనిపించే శబ్దచిత్రం చెదిరిపోతోంది. మా బావమరిది హెచ్‌ఎస్5లను తాను తీసుకుంటానంటున్నాడు కాబట్టి మార్చుకునే అవకాశం ఇంకా ఉంది. జేబీఎల్, ఆడమ్, కాలి వాడుతున్నవారు నిజాయితీగా చెప్పండి.

వైజాగ్_గాలి
305పి మార్క్ 2 గురించి బాకీ ఉన్న సంగతి ఇది. ట్వీటరు చుట్టూ చెక్కినట్టున్న పళ్లెం లాంటి భాగం వల్ల శబ్దం అడ్డంగా చాలా సమంగా పరుచుకుంటుంది. మీరు సోఫాలో ఏ మూల కూర్చున్నా స్వరూపం పెద్దగా మారదు. మీ మూడో సమస్యకు నాకు తెలిసిన చవకైన జవాబు ఇదే. కింది స్థాయి కూడా హెచ్‌ఎస్5 కన్నా లోతుకు దిగుతుంది, 10 డెసిబెళ్ల లెక్కలో 43 హెర్ట్జ్ దాకా.

లోపం ఏమిటంటే, ట్వీటరులోంచి ఎప్పుడూ సన్నగా సుయ్‌మనే శబ్దం వస్తుంది. వెనుక నాబ్ తగ్గించినా నా జతలో అది తగ్గలేదు. మార్చిలో కొన్నాను కాబట్టి డిసెంబరు దాకా నాకు తెలియనే లేదు, ఫ్యానూ ఏసీ దాన్ని కప్పేశాయి. డిసెంబరులో ఫ్యాను ఆపిన మొదటి రాత్రి, గదిలో ఎక్కడో గ్యాసు లీకవుతోందని వంటింటికి పరుగెత్తాను. సోఫా దూరంలో వినిపించదు. బల్ల దగ్గర, రాత్రివేళ, నిశ్శబ్దంలో వినిపిస్తుంది.

తొప్పి_తాళం
స్నేహితుడి హెచ్‌ఎస్5, నా టి5వి ఒకే బల్ల మీద పెట్టి ఒక పూటంతా విన్నాము. నేను మృదంగం వాయించేవాడిని కాబట్టి నా కొలబద్దలు వేరు. తొప్పి (మృదంగం ఎడమ ముఖం) మీద రవ్వ ముద్ద సరిగ్గా కుదిరినప్పుడు వచ్చే గుంకీలో ఒక లోతు, దాని వెనుకే ఒక సాగుదల ఉంటాయి. హెచ్‌ఎస్5 ఆ దెబ్బను స్పష్టంగా చెబుతుంది గాని సాగుదలను సగంలో వదిలేస్తుంది. టి5విలో సాగుదల చివరిదాకా ఉంది. మరోవైపు, ఆడ గొంతుల్లో, వయొలిన్‌లో హెచ్‌ఎస్5 కాస్త ముందుకు తోసినట్టు ఉంటుంది. దాని వల్ల సాహిత్యం ప్రతి అక్షరమూ తెలుస్తుంది, గంట తర్వాత నాకు అలసట కూడా కలుగుతుంది. తంబూరా జీవాన్ని టి5వి ఎక్కువ సహజంగా పట్టుకుంది. దాని ట్వీటరులో గుండ్రని గోపురానికి బదులు హార్మోనియం తిత్తిలా ముడతలు పెట్టిన పల్చటి పొర ఉంటుంది. ముడతలు దగ్గరకు వచ్చి గాలిని పిండుతాయి.

అయితే ఆ ట్వీటరుకు ఎత్తు పట్టింపు ఎక్కువ. లేచి నిల్చుంటే మెరుపు పోతుంది. చాప మీద కూర్చుని వినేవారైతే స్పీకరును వెనక్కి వంచి పెట్టుకోవాలి. ఇంకో సౌకర్యం, దీనికి ఆర్‌సీఏ (ఇంటి టీవీ, ప్లేయర్లకు ఉండే మామూలు గుండ్రటి) రంధ్రం ఉంది. హెచ్‌ఎస్5కు ఉన్నవి ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్నుల స్టూడియో రకం), 6.35 మాత్రమే. ఆర్‌సీఏ ఉండి ఉంటే ఈ చర్చే పుట్టేది కాదు.

హన్మకొండ_శ్రోత
కాలి ఎల్‌పి-6 రెండో రూపం నా దగ్గర ఉంది. 6.5 అంగుళాల ఊఫర్ కావడంతో మిగిలిన వాటితో పోలిస్తే ఒళ్లు పెద్దది, బేస్ కూడా పెద్దది. పోర్టు (బేస్ గాలి బయటికి వచ్చే రంధ్రం) ముందు వైపు ఉంది. వెనుక వరసగా చిన్న స్విచ్చులు ఉంటాయి, గోడకు దగ్గరగానా, బల్ల మీదనా, స్టాండు మీదనా అన్నదాన్ని బట్టి వాటిని సర్దుకోవాలని బొమ్మలు గీసి మరీ చూపించారు. మొదటి రూపంలో వైజాగ్_గాలి గారు చెప్పిన సుయ్ శబ్దం దీనికీ ఉండేది. రెండో రూపంలో బాగా తగ్గింది. పాత సరుకు కొనేవారు ఏ రూపమో అడిగి తీసుకోవాలి. మా ఇంట్లో ఫిర్యాదు ఒక్కటే: హాల్లో రెండు నల్ల బండరాళ్లు పెట్టినట్టు ఉందట.

గోడమూల
పెద్ద ఊఫరు కొనే ముందు గదిని లెక్క వేయండి. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు. 343ను దానికి రెట్టింపుతో భాగిస్తే దాదాపు 47 హెర్ట్జ్ వస్తుంది. 10 అడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్. మీ గది ఎత్తు కూడా 10 అడుగులే అయితే అదే 56 దగ్గర రెండు కూడతాయి. అంటే ఆ రెండు స్వరాలూ మీ గదిలో గోడల దగ్గర ఉబ్బుతాయి, సరిగ్గా గది నడుమ అణగిపోతాయి. ఇటుక గోడలు, కాంక్రీటు కప్పు, టైల్సు నేల ఉన్న మన ఇళ్లలో బేస్‌ను పీల్చుకునేది ఏదీ ఉండదు, అది తిరిగి తిరిగి గదిలోనే ఉంటుంది. చెక్క చట్రాల ఇళ్లలో ఉండేవారు రాసిన సమీక్షలు చదివి ఇక్కడ పెద్ద ఊఫర్లు కొంటే, మృదంగం కాస్తా డప్పు అవుతుంది.

సోఫాను వెనుక గోడకు ఆనించి ఉంటే అక్కడ బేస్ ఎక్కువగానూ, గది మధ్యకు కుర్చీ జరిపితే తక్కువగానూ వినిపిస్తుంది. రూపాయి ఖర్చు లేకుండా రెండు చోట్లా విని చూడండి. కాస్త ఖర్చుకు సిద్ధమైతే యూమిక్-1 వంటి కొలత మైకు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ సరిపోతాయి. కొలిచాక మీకు స్పీకరు మీద కోపం తగ్గి, ఇల్లు కట్టినవారి మీద పెరుగుతుంది.

ఇంకొక మాట. స్పీకరు ముఖం గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోడ నుంచి తిరిగి వచ్చే శబ్దం 143 హెర్ట్జ్ దగ్గర ఎదురుతిరిగి ఒక గుంట చేస్తుంది. కాబట్టి గోడకు దూరంగా జరపమనే సలహా అన్నిచోట్లా మేలు చేయదు. మీలా జానెడు దూరంలోనే ఉంచి, హెచ్‌ఎస్5 వెనుక ఉన్న, బేస్‌ను తగ్గించే రూమ్ కంట్రోల్ స్విచ్చును మైనస్ 2కు మార్చి చూడటం నయం.

ఎడిసన్_వాసి
అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకుందామనే ఆలోచన ఈ చర్చ చదివేవారిలో తప్పక పుడుతుంది. మా అన్నయ్య కోసం నేను ఒక జత సూటుకేసులో సర్ది ఏలూరు తీసుకువెళ్లాను. ఆ కంపెనీ పేరు చెప్పను. వెనుక 120 వోల్టులని స్పష్టంగా అచ్చు వేసి ఉంది, నేను చదవలేదు. 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే సాంబ్రాణి వేసినట్టు పొగ వచ్చింది. కొన్ని మానిటర్లు 100 నుంచి 240 దాకా ఏ వోల్టేజీకైనా సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. చీటీ చదివాకే డబ్బు కట్టండి. వారంటీ కూడా దేశం దాటి రాకపోవచ్చు.

నేను ఇక్కడ వాడుతున్నది జెనెలెక్ జి త్రీ. ఫిన్లండు కంపెనీ అది. తమ స్టూడియో వరుసలోని 8030నే ఆర్‌సీఏ రంధ్రం పెట్టి ఇళ్లకు జి త్రీగా అమ్ముతారు. కాసేపు పాట రాకపోతే తనంతట తానే నిద్రపోతుంది, పాట రాగానే లేస్తుంది. ధర మాత్రం మీరు చెప్పిన నాలుగింటి వరుసలో కూర్చోదు.

వైజాగ్_గాలి
వెనుక పోర్టున్న స్పీకర్లు వాడేవారికి ఒక హెచ్చరిక. రాత్రి పాట ఆగాక టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే యాంప్లిఫయరు పాడైందని వారం రోజులు మథనపడ్డాను. టార్చి వేసి చూస్తే పోర్టులో బల్లి కాపురం ఉంది. వెచ్చగా ఉంటుంది కాబట్టి దానికి నచ్చింది. ఇప్పుడు రాత్రిపూట పల్చటి వల గుడ్డ కడుతున్నాను.

హన్మకొండ_శ్రోత
పోర్టు ముందుకు ఉంటే అద్దె ఎగ్గొట్టే ఇలాంటి వారు ముందే కనిపిస్తారు.

సోల్డరింగ్_సుబ్బయ్య
హమ్ సంగతి. టీవీకి కలిపినప్పుడే వస్తోందంటే నాకు మొదట అనుమానం కేబుల్ టీవీ తీగ మీద. హమ్ వస్తున్నప్పుడు సెట్‌టాప్ బాక్సు నుంచి ఆ తీగను విప్పి చూడండి. ఆగిపోతే కారణం అదే: వీధి స్తంభం నుంచి వచ్చే తీగకు ఒక భూమి, మీ ప్లగ్గుకు మరో భూమి, రెండింటి మధ్య కరెంటు మీ ఆడియో వైరు మీదుగా తిరుగుతోంది. ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి కూడా చూడండి, అదీ ఇదే తంతు చేయగలదు.

హమ్ పోతుందని మూడో పిన్ను విరిచేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు, అది ప్రాణాలకు రక్షణ. టీవీకి ఆప్టికల్ రంధ్రం ఉంటే, ఆప్టికల్ ఇన్‌పుట్, వాల్యూమ్ నాబ్ ఉన్న చిన్న డాక్ (డిజిటల్ శబ్దాన్ని మామూలు ఆడియో సంకేతంగా మార్చే) పెట్టె పెట్టండి. వెలుగు మీద వచ్చే శబ్దానికి రాగి సంబంధం ఉండదు కాబట్టి టీవీ వైపు నుంచి హమ్ రాదు. సొంత ఇల్లు ఉన్నవారు ఎండాకాలంలో ఎర్తు గొయ్యిలో నీళ్లు పోయడం కూడా మరిచిపోకూడదు. ఉప్పు, బొగ్గు వేసి వదిలేసిన గొయ్యి మే నెలకు పూర్తిగా ఎండిపోతుంది.

డాక్ నుంచి హెచ్‌ఎస్5కు ఆర్‌సీఏ - ఎక్స్‌ఎల్ఆర్ వైరు నేనే చేసుకుంటాను: రెండు తీగలు, పైన అల్లిక ఉన్న కేబులు తీసుకుని, ఎక్స్‌ఎల్ఆర్ 2వ పిన్నును ఆర్‌సీఏ మధ్య కొసకు, 3వ పిన్నును బయటి వలయానికి కలిపి, 1వ పిన్నుకు కలిపిన అల్లికను కూడా అదే వలయానికి అతకాలి.

పాతరేడియో
చూశారా, వైరు, డాక్, నాబ్, మైకు, వల గుడ్డ, ఎర్తు గొయ్యిలో నీళ్లు. యాంప్లిఫయరుకు ఒక రిమోటు ఉంటుంది, అంతే. రెండు మానిటర్లకు రెండు కరెంటు తీగలు, రెండు వాల్యూములు వెనుక వైపు, అవి రెండూ సమానంగా తిప్పాలి. రేపు లోపలి సర్క్యూటు పోతే ఊరి మెకానిక్కు ముట్టుకోడు, పెట్టెను మొత్తంగా సర్వీసుకు పంపాలి. నా యాంప్లిఫయరును ముప్పై ఏళ్లలో రెండుసార్లు మా వీధి చివరే బాగు చేయించాను.

మిక్సింగ్_గది
మరమ్మతు విషయంలో మీతో వాదించను, అది నిజమే. కానీ రెండో పక్క కూడా ఉంది. హెచ్‌ఎస్5లో ఊఫరుకు 45 వాట్లు, ట్వీటరుకు 25 వాట్లు వేర్వేరు యాంప్లిఫయర్లు. శబ్దం కింది, పై భాగాలుగా విడిపోవడం వాటికి ముందే, చిన్న సంకేతంగా ఉన్నప్పుడే జరుగుతుంది. ఏ యాంప్లిఫయరు ఏ స్పీకరుకు కుదురుతుందన్న వెతుకులాట మీకు ఉండదు. ఆ ధరలో విడివిడిగా కొంటే ఈ నాణ్యత రావడం కష్టం. యాంప్లిఫయరు లోపల ఉన్నదల్లా ఇలాంటిది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒక పెట్టెలోనే యాంప్లిఫయరంతా ఉండి, రెండో పెట్టెకు మామూలు స్పీకరు తీగ వెళ్లే రకాలు చాలా ఉన్నాయి.

నిజాంపేట_నివాసి గారి మొదటి సమస్య, రాత్రి బేస్ పలచబడటం, స్పీకరు తప్పు కానేకాదు. శబ్దం తగ్గే కొద్దీ మన చెవి కింది స్వరాలను ఎక్కువగా వదిలేస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. పాత యాంప్లిఫయర్లలో లౌడ్‌నెస్ అనే మీట ఉండేది అందుకే, పాతరేడియో గారికి తెలిసే ఉంటుంది. మానిటర్లలో అది ఉండదు. ల్యాప్‌టాపులో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, రాత్రివేళ 100 హెర్ట్జ్ కింద 3, 4 డెసిబెళ్లు పెంచుకోండి. చదునుగా ఉండాలనే నియమం నా పనికి, మీ పడక గదికి కాదు. తక్కువ శబ్దంలో ఇంత చిన్న ఊఫరు కూడా ఆ పెంపును తట్టుకుంటుంది, గట్టిగా పెట్టినప్పుడు తీసేయండి.

పాతరేడియో
లౌడ్‌నెస్ మీట ప్రస్తావన తెచ్చినందుకు మాత్రం సంతోషం. నాది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

నిజాంపేట_నివాసి
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. సెట్‌టాప్ బాక్సు తీగ విప్పగానే హమ్ ఠక్కున ఆగింది, సుబ్బయ్య గారు రెండోసారీ గెలిచారు. ఆప్టికల్ డాక్ తెచ్చాను. టీవీ రిమోటుతో శబ్దం మారదు, లేచి నాబ్ తిప్పాలి. ఆ ఒక్క విషయంలో పాతరేడియో గారు ఇంట్లో చాలా ఓట్లు సంపాదించారు.

వైజాగ్ నుంచి సెలవుకు వచ్చిన మా సహోద్యోగి తన 305పి మార్క్ 2 జతను ఒక ఆదివారం తెచ్చి ఇచ్చాడు. సోఫాలో అవి స్పష్టంగా మెరుగు. నేను ఒక చివర, మా ఆవిడ మరో చివర కూర్చున్నా ఇద్దరికీ గొంతు దాదాపు నడుమనే ఉంది, బేస్ కూడా నిండుగా ఉంది. బల్ల దగ్గర, ఒక మీటరు దూరంలో, పదకొండు గంటలకు ఫ్యాను ఆపి వింటే సుయ్ శబ్దం నన్ను వదలలేదు. హెచ్‌ఎస్5లో అది చెవి ఆనిస్తే తప్ప తెలియలేదు. టి5వి వినే అవకాశం దొరకలేదు. ఎల్‌పి-6 కొలతలను అట్ట ముక్కతో కత్తిరించి బల్ల మీద నిలబెట్టి చూపించగానే ఇంట్లో చర్చ ముగిసింది.

చివరికి హెచ్‌ఎస్5లను బల్ల మీదే ఉంచుకుంటున్నాను. రూమ్ కంట్రోల్ మైనస్ 2, రాత్రికి 90 హెర్ట్జ్ కింద 4 డెసిబెళ్ల పెంపు, ట్వీటరు చెవి ఎత్తుకు వచ్చేలా కింద రెండు పాత నిఘంటువులు. టీవీకి 305పి మార్క్ 2 జత దసరాకు తీసుకుంటాము, హాల్లో ఫ్యాను ఎలాగూ ఆగదు. బావమరిది కాస్త నొచ్చుకున్నాడు. నాన్నగారు రోజూ నా కుర్చీని ఆక్రమిస్తున్నారు. మోనో పాటలు రెండు స్పీకర్ల నడుమ ఖాళీ గోడలోంచి వస్తున్నాయని, అక్కడ మూడో స్పీకరు దాచానేమోనని ఒకసారి పరదా ఎత్తి చూశారు.

తొప్పి_తాళం
ఆ స్ప్లిటర్‌ను పారేయకుండా దాచండి. గాత్రం లేని పాట కావలసినప్పుడు పనికి వస్తుంది.

నిజాంపేట_నివాసి
అది మా అబ్బాయి తీసుకున్నాడు. రైలులో వాడూ, వాడి చెల్లెలూ ఒకే ఫోనుకు చెరొక హెడ్‌ఫోన్ పెట్టుకుని సినిమా చూస్తున్నారు. దాన్ని తయారు చేసింది అందుకేనట.